పెట్రోలులో కలిసే పంట – రైతు ఇంటి లెక్క



కొన్ని వారాల క్రితం ఆదివారం పూజ ముగిశాక గుడి వాకిట్లో ఒక యువకుడు ఆపి అడిగాడు: "ఫాదర్‌గారూ, బంకులో ఇప్పుడు ఇ-20 అని బోర్డు పెడుతున్నారు. మక్కలూ బియ్యమూ పులియబెట్టి తీసిన స్పిరిటు కలుపుతారట. తినే గింజను బండిలో పోసి కాల్చడం న్యాయమేనా?" పక్కనే ఉన్న వాళ్ల నాన్నగారు కలగజేసుకుని, "న్యాయం సంగతి తర్వాత అడుగుదువు గాని, ఊళ్లో మన రెండెకరాల్లో మక్కలకు ఈసారైనా ధర వస్తుందా, అది అడుగు" అన్నారు.

తండ్రి ఒకటి అడిగాడు, కొడుకు ఒకటి అడిగాడు. రెండూ ఒకే ప్రశ్నకు రెండు వైపులు. వాకిట్లో నిలబడి అయిదు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కనుక ఈ వారం ఈ శీర్షికలో రాస్తానని మాట ఇచ్చాను.

ముందుగా మన పేటలో ఉన్న ఉదాహరణనే చూద్దాం. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు తెల్లవారకముందే చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపుల నుంచి బంతి, చామంతి, గులాబీ మూటలు దిగుతాయి. ఆ పూలు పూస్తున్న చేలల్లో ఒకప్పుడు జొన్న, కంది పండేవి. పూలు ఎవరూ తినరు. అయినా "తిండి గింజ మానేసి పూలు వేశావేమయ్యా" అని ఆ రైతును ఎవరమూ నిలదీయం. అతనికి నాలుగు రూపాయలు మిగిలితే పిల్లల ఫీజు కడతాడని సంతోషిస్తాం. కాబట్టి తినని పంట వేయడమే తప్పు అనే వాదన నిలవదు. పత్తి తింటామా? పొగాకు తింటామా?

తేడా మరొక చోట ఉంది. బతుకమ్మకో దసరాకో బంతిపూల ధర మండిపోతే మీరు రెండు మూరలు కొనవలసిన చోట ఒక మూర కొని సరిపెట్టుకుంటారు. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, అప్పుడు ధర మళ్లీ దిగుతుంది. బజారు సహజంగా నడిచే తీరు అది. పెట్రోలులో ఇంత శాతం కలిపి తీరాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఈ తీరు మారిపోతుంది. వాన కురిసినా, కురవకపోయినా, గింజ ధర ఎంత పెరిగినా ఆ గిరాకీ తగ్గదు. మిగిలిన వాళ్లు, అంటే కోళ్ల ఫారం పెట్టుకున్నవాడు, పశువుకు దాణా కొనేవాడు, చివరకు గుడ్డు కొనే తల్లి తగ్గించుకోవాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

కానుగ చెట్టు కింద

ఇంధనం కోసం పంట పండించాలన్న ఆలోచన మన తెలుగు నేలకు కొత్త కాదు. ఇప్పటికి మూడు నాలుగు సార్లు పరీక్షించి చూశాం. మొదటిది అన్నిటికంటే చిన్నది. నా దృష్టిలో అన్నిటికంటే మేలైనదీ అదే.

కానుగ చెట్టు తెలియని పల్లె మనకు లేదు. దాని పుల్లతో పళ్లు తోముకున్నాం, దాని రొట్ట వరి మళ్లలో తొక్కి ఎరువు చేశాం, దాని నూనెతో దీపాలు వెలిగించాం. గింజ చేదు కనుక మనిషీ తినడు, పశువూ తినదు. ఆ నూనెతో డీజిలు ఇంజన్లు తిప్పవచ్చని శాస్త్రజ్ఞులు చూపాక, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గిరిజన గ్రామాల్లో ఆ పని మొదలైంది. జైనూర్ మండలంలోని పవర్‌గూడ గోండు గ్రామం అలా పేరు తెచ్చుకుంది. అక్కడి మహిళా సంఘం 2002లో కానుగ మొక్కలు నాటింది. గింజలు ఆడించే నూనె మిల్లును మహిళలే నడుపుకున్నారు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ సాయం చేసింది. 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. ఆ కానుగ నూనె డీజిలుకు బదులుగా వాడితే గాలిలో కలవకుండా మిగిలే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు ప్రతిఫలం అది. అప్పటి మారకం విలువలో ముప్ఫై వేల రూపాయలకు కొంచెం తక్కువ. ఆ రోజుల్లో ఒక గూడెం మహిళలకు అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడ ఆర్థికశాస్త్రం ఏమిటో గమనించండి. ఎవరి పొలమూ చేజారలేదు. చెట్లు గట్ల మీద, అడవి అంచున ఉన్నాయి. నూనె తీయగా మిగిలిన పిండి ఎరువుగా మళ్లీ చేనుకే చేరింది. కొనేవాడు రాకపోతే ఆ నూనె ఊరి పనికే వస్తుంది. నష్టం వచ్చినా ఇల్లు కూలేంత నష్టం కాదు. అయితే ఇందులో ఒక లోపమూ ఉంది. ఈ పద్ధతితో ఒక గూడెం దీపాలు వెలుగుతాయి గాని, హైదరాబాదు నగరం బండ్లు నడవవు. ప్రభుత్వాలకు కావలసింది ఆ రెండోది.

అడవి ఆముదం కల

2003లో కేంద్ర ప్రణాళికా సంఘం ఒక పెద్ద పథకాన్ని దేశం ముందు పెట్టింది. జట్రోఫా మొక్కను, అంటే మన పల్లెల్లో అడవి ఆముదమనీ నేపాళమనీ పిలిచే మొక్కను, కోటి హెక్టార్లకు పైగా బంజరు భూముల్లో పెంచి, 2011–12 నాటికి డీజిలులో 20 శాతం దాని నూనె కలపాలన్నారు. నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, మేకలు ముట్టవు, కరువు నేలలో బంగారం పండుతుందని ప్రచారం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా వర్షాభావ ప్రాంతాలలో జట్రోఫానూ కానుగనూ ప్రోత్సహించింది. పంటను తిరిగి కొంటామని కంపెనీలు ఒప్పందాలతో వచ్చాయి.

ఆ మొక్క నిజంగానే ఎండకు చావదు. కాని చావకుండా బతకడం వేరు, కాపు కాయడం వేరు. నీళ్లూ ఎరువూ లేని చోట అది పచ్చగా నిలబడింది గాని గింజ రాలలేదు. కాపుకు రావాలంటేనే మూడేళ్లు, అయిదేళ్లు ఆగాలి. ఎకరం రెండెకరాల రైతు అన్నేళ్లు ఏం తిని ఆగుతాడు?

కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒక లీటరు నూనెకు మూడు కిలోలకు పైగా గింజ కావాలి. కిలోకు 5 రూపాయలు ఇస్తే చాలని పథకం వేసినవారు అనుకున్నారు. చమురు కంపెనీలు బయో డీజిలును లీటరు 25 రూపాయలకు కొంటాయని 2005లో కేంద్రం ధర ప్రకటించింది. ఆ 25లో గింజకే 15 పైచిలుకు పోతే, ఏరడం, మోయడం, ఆడించడం, శుద్ధి చేయడం అన్నీ మిగిలిన పదిలోనే జరగాలి. మరో వైపు 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. రోజుకు 80 రూపాయల కూలి అన్నారు. అంత సంపాదించాలంటే కూలి మనిషి రోజుకు 16 కిలోల జట్రోఫా గింజ ఏరాలి, అదీ గింజ డబ్బంతా తనకే వస్తేనే. కాపు పలచగా ఉన్న చేలో అన్ని కిలోలు ఎక్కడ దొరుకుతాయి? ఏరే మనిషికి గిట్టలేదు, ఏరించే రైతుకూ గిట్టలేదు, ఫ్యాక్టరీకీ గిట్టలేదు. 2011–12 వచ్చింది, పోయింది. డీజిలులో ఆ 20 శాతం కలవలేదు.

"బంజరు" అనే మాట గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసి ఉన్నంత మాత్రాన ఆ నేల ఎవరికీ అక్కర్లేనిది కాదు. గొర్రెల కాపరికి అది మేత. భూమి లేని దళిత కుటుంబానికి అది వంటచెరకు. దానిలో వరుసగా విషపు గింజ మొక్క నాటితే జిల్లా లెక్కల్లో "అభివృద్ధి చేసిన విస్తీర్ణం" పెరుగుతుంది. ఆ కాపరి మాత్రం మంద తోలుకుని మరో పది కిలోమీటర్లు నడవాలి. ఈ నడక ఏ ప్రణాళికలోనూ ఖర్చు కింద రాయరు. నాకు ఇప్పటికీ ఆగ్రహం కలిగించే విషయం అదే.

గింజ ఇంటికి, రసం ఫ్యాక్టరీకి

మూడో ప్రయోగం తీపి జొన్న. ఇందులో గింజ మనం తినవచ్చు, చెరకులా తియ్యగా ఉండే దంటు నుంచి రసం తీసి ఇథనాల్ చేయవచ్చు, మిగిలిన పిప్పి పశువులకు మేత. ఒకే పంట నుంచి అన్నమూ ఇంధనమూ వస్తాయి గనుక అన్నం గిన్నెకూ బండి ట్యాంకుకూ పోటీ రాదు. ఇక్రిశాట్ తోడ్పాటుతో 2007లో సంగారెడ్డి దగ్గర మహమ్మద్ షాపూర్‌లో ఒక డిస్టిలరీ తీపి జొన్న నుంచి ఇథనాల్ తీసింది. వ్యాపార స్థాయిలో దేశంలో ఇదే మొదటిదని అప్పట్లో ఘనంగా చెప్పుకున్నారు.

ఆలోచన చక్కగానే ఉంది. చిక్కు దంటుతో వచ్చింది. కోసిన దంటును దాదాపు ఒక రోజులోపల ఆడించాలి, ఆలస్యమైతే తీపి విరిగిపోతుంది. ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న రైతు లారీ కోసం ఎదురుచూస్తుంటే దంటు బరువుతో పాటు ధర కూడా తగ్గుతుంది. పైగా కోతలు ఏడాదిలో కొన్ని వారాలే. మిగతా నెలల్లో ఫ్యాక్టరీ ఏం ఆడించాలి? ఈ చిక్కు విప్పడానికి నర్సాపూర్ దగ్గర ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే రసం తీసి పాకంగా కాచే చిన్న కేంద్రం పెట్టి చూశారు. పాకమైతే నిలవ ఉంటుంది. కాని మొత్తం మీద ఆ ఏర్పాటు వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. అయినా ఈ దారిని పూర్తిగా మూసేయవలసింది కాదని నా అభిప్రాయం. మెట్ట రైతుకు జొన్న తెలిసిన పంట. నీళ్లు తక్కువ తాగే పంట.

ఇప్పుడు మక్కలు, బియ్యం

ఇక మన యువకుడి బండి దగ్గరకు వద్దాం. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలాకాలం అది చెరకు మడ్డి నుంచే వచ్చేది. 2018లో వచ్చిన జాతీయ విధానం ధాన్యానికి కూడా తలుపు తెరిచింది. 2022 నాటికి 10 శాతం, 2025 నాటికి 20 శాతం అయింది. ఇంత వేగానికి చెరకు ఒక్కటే చాలదు. మొక్కజొన్న (మన వైపు మక్కలు), నూకలు, ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యం డిస్టిలరీలకు నడిచాయి.

ప్రభుత్వం వైపు న్యాయం లేకపోలేదు. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తుంది. బయటికి పోయే ఆ డబ్బులో కొంత భాగం మన రైతుకు చేరితే ఎవరు కాదంటారు? చేరింది కూడా. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ కొనుగోలు ధరను లీటరుకు 71 రూపాయల 86 పైసలు చేశారు. ఆ ఏడాది బజారులో మక్కలకు మంచి ధర పలికింది. చాలా ఏళ్ల తర్వాత మక్క రైతు ముఖంలో కళ కనిపించింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కారు ట్యాంకులో 40 లీటర్లు పోయిస్తే అందులో 8 లీటర్లు ఇథనాల్. అదంతా మక్కల నుంచే వచ్చిందనుకుంటే, టన్నుకు దాదాపు 380 లీటర్ల చొప్పున, 21 కిలోల మక్కలు అవుతాయి. బియ్యం నుంచి వచ్చిందనుకుంటే 18 కిలోల వరకు. తెలంగాణలో రేషను కార్డు మీద మనిషికి నెలకు ఇచ్చే సన్నబియ్యం 6 కిలోలు. అంటే ముగ్గురి నెల బియ్యం. అయితే చెరకు నుంచి వచ్చే ఇథనాల్ కూడా ఉంది గనుక ప్రతి ట్యాంకులోనూ ఇంత గింజ ఉందని అనుకోకండి. మక్కలు ఆడించాక మిగిలే పిండిలో మాంసకృత్తులు ఉంటాయి, మూడో వంతు దాకా దాణాగా తిరిగి వస్తుంది.

అన్నట్టు, ఆ యువకుడు మైలేజీ గురించి కూడా అడిగాడు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండు వంతులే. అయిదో వంతు అది కలిస్తే మైలేజీ కొంత తగ్గడం సహజం. ఆ మేరకు జేబు మీద భారం పడేది బండి మీద కూలి పనికి పోయే మేస్త్రీకీ, ఇంటింటికీ సరుకులు మోసే కుర్రవాడికే.

ఇక ధాన్యం బజారులో ఏం జరిగిందో చూడండి. మొన్నమొన్నటి దాకా మొక్కజొన్నను విదేశాలకు అమ్మిన దేశం మనది. 2024లో అమ్మినదానికంటే కొన్నది ఎక్కువైంది. కోళ్ల దాణాలో సగానికి పైగా మక్కలే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోని ముందు వరుస రాష్ట్రాలు. చిన్న కోళ్ల ఫారం రైతుకు దాణా ఖర్చు పెరిగింది. గుడ్డు ధర మాత్రం అతని చేతిలో లేదు. మరో వైపు ఆ డిస్టిలరీ పిండి చవకగా బజారులోకి వచ్చేసరికి సోయాపిండికి గిరాకీ తగ్గింది. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా వేసిన రైతు, తన ఊరికి సంబంధం లేని కారణంతో ధర పోగొట్టుకున్నాడు. ఒక రైతుకు వచ్చిన లాభంలో కొంత మరో రైతు జేబులోంచి వచ్చిందన్న మాట.

మక్క రైతు లాభమైనా శాశ్వతమా అంటే అదీ లేదు. మంచి ధర చూసి అందరూ మక్కలే వేశారు. 2025 చివర కోతల వేళకు పక్కనే ఉన్న కర్ణాటకలో ధర, క్వింటాలుకు 2400 రూపాయల కనీస మద్దతు ధర కంటే బాగా దిగిపోయి రైతులు రోడ్డెక్కారు. డిస్టిలరీ కొనే మొత్తానికి ఒక హద్దు ఉంది. బియ్యం చవకగా దొరికితే అది మక్కల నుంచి బియ్యానికి మారుతుంది. 2023 జూలైలో ధరల భయంతో ప్రభుత్వం గోదాముల బియ్యాన్ని డిస్టిలరీలకు ఆపేసింది. తర్వాత నిల్వలు పేరుకుపోయాయని 2024–25కు 52 లక్షల టన్నులు కేటాయించి, 2025 జనవరిలో కిలో ధర 22 రూపాయల 50 పైసలుగా పెట్టింది. అదే బియ్యం సేకరించి, మిల్లు పట్టించి, నిల్వ చేయడానికి ప్రభుత్వానికి కిలోకు 40 రూపాయల దాకా పడుతుంది. ఆ తేడా మనందరి పన్నుల్లోంచి పోతుంది. ఇలా ఇవ్వడానికి కారణాలు ఉండవచ్చు. ముక్కిపోనివ్వడం కంటే మేలు అనవచ్చు. కాని దీన్ని చవకైన ఇంధనం అని పిలవడం మాత్రం సరికాదు.

నీళ్ల సంగతి వేరే ఖాతా. యాసంగి మక్కలకు, వరికి బోరు నీళ్లే దిక్కు. 2018 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటరు తిప్పడానికి రూపాయి ఖర్చు లేదు గనుక భూగర్భంలో తరుగుతున్న నీరు ఎవరి లెక్కలోకీ రాదు. ఇక ఫ్యాక్టరీ పక్క ఊళ్లవారి మాట వినండి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీలకు వ్యతిరేకంగా రైతులూ మహిళలూ ఆందోళన చేశారు. వారి భయం వాగులోకి వచ్చే వ్యర్థజలం గురించి, గాలిలో కంపు గురించి, బోర్లు ఎండిపోవడం గురించి. 2024 నవంబరులో దిలావర్‌పూర్ ప్రజలు రహదారి దిగ్బంధం చేశాక ప్రభుత్వం అక్కడి పనులు ఆపించింది. మక్కలు అమ్ముకునే రైతు ఒక మండలంలో ఉంటాడు, వ్యర్థజలం భరించే రైతు మరో మండలంలో ఉంటాడు. ఇద్దరి మాటా అబద్ధం కాదు.

ప్రపంచంలో ఇది ముందే జరిగింది. అమెరికాలో మొక్కజొన్నను ఇథనాల్‌కు మళ్లించడం పెరిగి ధర ఎగబాకినప్పుడు, 2007 జనవరిలో మెక్సికో నగరంలో వేలాదిమంది రొట్టె ధర గురించి వీధుల్లోకి వచ్చారు. మనకు అన్నం ఎలాగో వారికి మక్క రొట్టె అలాగ. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితిలో ఆహార హక్కు పరిశీలకుడిగా ఉన్న జాన్ జీగ్లర్, ఆహారధాన్యాల నుంచి ఇంధనం తీయడాన్ని అయిదేళ్లపాటు ఆపాలని కోరారు. ఆయన మాట ఎవరూ వినలేదు. బ్రెజిల్ మాత్రం 1975 నుంచి చెరకుతో ఇథనాల్ తీస్తూ నిలదొక్కుకుంది. కాని అక్కడ విశాలమైన నేల ఉంది, చాలా చోట్ల వాన మీదనే చెరకు పండుతుంది. ఎకరం రెండెకరాల కమతాలూ బోరు నీళ్లూ ఉన్న మనం ఆ లెక్కను యథాతథంగా తెచ్చుకోలేం.

ఇంత చెప్పాక ఆ తండ్రి అడిగిన ప్రశ్న మిగిలింది: రెండెకరాల్లో ఏం వేయాలి? నేను వ్యవసాయాధికారిని కాను. కాని మన విచారణలో చాలా కుటుంబాలకు మెదక్‌లోనో, నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఇంకా కొంత భూమి ఉంది. కౌలుకిచ్చి వచ్చినవారూ ఉన్నారు. ఇంధనపు పంట ఒప్పందం పట్టుకుని ఎవరైనా మీ ఇంటికి వస్తే ధర ఎంత అని అడగడంతో ఆపవద్దు. వాన లేక పంట తగ్గితే ఆ తగ్గుదల ఎవరిది? బజారు ధర ఒప్పందం ధర కంటే తగ్గినా కొంటారా, కొనకపోతే ఎవరిని అడగాలి? బస్తా ఎక్కడ తూకం వేస్తారు, మా ఊళ్లోనా, మీ గేటు దగ్గరా? చెట్టు పంటైతే కాపు వచ్చేదాకా మధ్యలో కందో పెసరో వేసుకోనిస్తారా? కౌలుదారు ఉంటే అతని పేరు కాగితంలో ఉందా? జట్రోఫా రోజుల్లో ఈ ప్రశ్నలు అడిగినవారు తక్కువ. అడిగిన కొద్దిమంది పొలం గట్టు మీద ఒక వరస నాటి, చేనులో మాత్రం ఎప్పటిలాగే జొన్నా కందీ వేసుకున్నారు.

ఆ తండ్రికి ఇదే చెప్పాను. ఈ ఏడాది ఒక ఎకరం మక్కలు, ఒక ఎకరం కంది అని తేల్చుకున్నారు. ఊరికి వచ్చిన ఏజెంటు తెలుగులో కాకుండా ఇంగ్లీషులో ఒక ఒప్పందం కాగితం ఇచ్చి వెళ్లాడట. వచ్చే ఆదివారం తెమ్మన్నాను, కొడుకు చదివి వినిపిస్తానన్నాడు.